అవతలి వేలు

మా బావ నన్ను ముంచింది నదిలో కాదు, నిండు సభలో, మైకు ముందు. అదీ ఒకే ఒక్క మాటతో. ఆ వానాకాలం మొదలైనప్పుడు మేమందరం ఒకే కంచంలో తిన్నంత దగ్గరగా ఉన్నాం. వానలు వెనకబట్టేసరికి ఒక తలుపుకు లోపల కొందరం, బయట ఒకరు.

ముందు మా పని సంగతి చెప్పాలి. అది తెలియకపోతే జరిగిన ద్రోహం ఎంతటిదో తెలియదు.

మా నగరాన్ని నది రెండు ముక్కలు చేసింది. ఆ రెండు ముక్కల్నీ కుట్టిపెట్టింది పాత ఇనుప వంతెన. దాని అతుకులన్నీ రివిట్లే. రివిట్టంటే రెండు ఇనుప ప్లేట్లను కలిపి పట్టుకునే మేకు, రెండు పక్కలా బొడిపెలాంటి తలలుంటాయి. ఏది గట్టిగా ఉందో ఏది వదులైందో కంటికి కనిపించదు. అందుకని ప్లేటుకు ఇవతల ఒకడు సుత్తితో రివిట్టు తల మీద కొడతాడు. అవతల ఇంకొకడు అదే రివిట్టు రెండో తల మీద వేలు ఆనించి ఉంచుతాడు. గట్టిదైతే దెబ్బ వేలికి నిండుగా తగులుతుంది. వదులైతే కదిలే పన్ను తాకినట్టుంటుంది. కొట్టినవాడికి ఏమీ తెలియదు. తెలిసేది వేలికే.

నేను సుత్తి, మా బావ వేలు. పనిలో మా పేర్లూ అవే. నోరు విప్పకుండానే సుత్తి అనిపించుకున్న మొగుడు లోకంలో మీరొక్కరేనని మా ఆవిడ నవ్వేది. బావ ఆవిడకు అన్నయ్య. నేనతన్ని బావా అంటే అతనూ నన్ను బావా అనేవాడు.

వంతెన కింద పరంజా మీద గాలి, నది హోరు, నెత్తిన బస్సుల మోత. ఎంత అరిచినా ప్లేటు అవతలికి వినపడదు. బావ వేలికి ఇనుప ఉంగరం ఉండేది. దాంతో ప్లేటు మీద జవాబు కొట్టేవాడు. ఒకటి కొడితే గట్టి. రెండు కొడితే వదులు, నేను సుద్దతో గుర్తు పెట్టేవాణ్ణి. ఏళ్ల తరబడి ఆ ఉంగరం చెప్పిందే నాకు వేదం.

ఈ పని మా ఇద్దరికీ నేర్పింది మా నాన్న. ఆయన కూడా సుత్తే. పదవీ విరమణ చేసి, పింఛనుతో కిటికీ పక్క కుర్చీలో కూర్చుని వంతెన వైపు చూస్తూ ఉండేవాడు. పని అలవాటు ఇంట్లోకీ వచ్చింది. ఒకటంటే సరే, రెండంటే కుదరదు. స్నానాలగది తలుపు మీదా అంతే, భోజనాల బల్ల మీదా అంతే. అసలు నన్ను చేసుకుంటావా అని నేను బావ చెల్లెల్ని అడిగిన రోజున ఆవిడ తలెత్తలేదు, మాట్లాడలేదు. బల్ల మీద వేలితో ఒక్కసారి కొట్టింది.

ఆ ఏడు తొలకరికి ముందు ప్రభుత్వం ఒక బిల్లు తెచ్చింది. వంతెన, దానికి అటూ ఇటూ ఉన్న రోడ్లు ఒక కంపెనీ చేతికి పోతాయి. ఇకమీదట వంతెన బాగుందో లేదో చెప్పేది ప్రభుత్వ తనిఖీ శాఖ కాదు, ఆ కంపెనీయే. పైగా కంపెనీకి కావలసిన పెట్టుబడిలో పెద్ద వాటా మా ఉద్యోగుల పింఛను నిధి నుంచి తీస్తారు. వంతెన మీద సుంకం వసూలైతే పింఛను వస్తుంది. వంతెన ఆగితే పింఛనూ ఆగుతుంది.

దొంగ చేతికి తాళాలిచ్చి కాపలా కూలి కూడా మనమే ఇస్తున్నామని యూనియన్ సెక్రటరీ ఊగిపోయాడు. మా నాన్న మాత్రం నెమ్మదిగా అన్నాడు.

"నా అన్నం కంచం తీసుకెళ్లి వదులైన రివిట్టుకు తగిలిస్తారన్నమాట."

అదే అసలు సంగతి. మూడో స్తంభం మీది పెద్ద అతుకులో రివిట్లు వదులయ్యాయి. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. మేం రాసిచ్చిన ప్రతిసారీ పై ఆఫీసులో 'గమనించాలి' అన్న ఒక్క మాటతో కప్పెట్టేశారు. ఇప్పుడు శాసనసభ కమిటీ బహిరంగ విచారణ పెట్టింది. పని చేసినవాళ్లే వచ్చి సాక్ష్యం చెప్పొచ్చంది. అతుకు వదులని తేలితే కంపెనీ ఆ వంతెన ముట్టుకోదు, నిధి మిగులుతుంది. మీ ఇద్దరూ చెబితే చాలని సెక్రటరీ మా భుజాలు తట్టాడు.

విచారణకు ముందు కొన్ని సాయంత్రాలు మా ఇంట్లోనే తయారయ్యాం. బావ అవతలి ఒడ్డు నుంచి బస్సులో వచ్చేవాడు. తలుపు మీద ఒక్కసారి కొట్టేవాడు, అంటే నేనే అని. ఒకరోజు వానలో ఎవరిదో కారు అతన్ని సందు చివర దింపి వెళ్లింది. ఎవరో గుత్తేదారు, వాన కదా అని ఎక్కించుకున్నాడన్నాడు. మా ఆవిడ తల తుడుచుకోమని తువ్వాలిచ్చింది. అతను తల తుడుచుకుంటూనే నాతో అన్న మాట నాకిప్పటికీ గుర్తు.

"నువ్వెలా కొడతావో నువ్వు చెప్పు, బావా. ఏం తగిలిందో నేను చెబుతాను. నీ పని నీది, నా పని నాది."

ఇంతకంటే ఏం కావాలి? నేను నిశ్చింతగా పడుకున్నాను.

విచారణ జరిగిన గదికి ఎత్తైన కిటికీలు, ఒక్కటీ తెరుచుకోదు. గొడుగుల నీళ్లు నేల మీద కాలవ కట్టాయి. వంపు తిరిగిన పెద్ద బల్ల వెనక కమిటీ సభ్యులు, మధ్యలో ముక్కు మీదికి జారిన కళ్లజోడుతో అధ్యక్షురాలు, ఆవిడ పక్కన స్టెనో. ఎదురుగా సాక్షికి ఒక చెక్క బల్ల, మైకు. ఆ మైకులో పడ్డ ప్రతి మాటా రేడియోలో వస్తుంది. ఇంట్లో నాన్న రేడియోకి చెవి ఆనించి కూర్చుని ఉంటాడని నాకు తెలుసు. మా ఆవిడ హాల్లోనే, చివరి వరసలో కూర్చుంది.

ముందు పింఛన్ల నిపుణుడొకాయన మాట్లాడాడు. నిధిని ఒకే చోట పెట్టడం ఎంత ప్రమాదమో అంకెలతో చెప్పాడు. సభ్యులు ఆవలింతలు మింగుకున్నారు. రోడ్ల శాఖ అధికారి మాట్లాడాడు. ఆయన ఏ పక్కో ఆయనకే తెలియలేదు. తర్వాత నన్ను పిలిచారు.

నాకు తెలిసింది తెలిసినట్టు చెప్పాను. అప్పుడు కంపెనీ లాయరు లేచాడు. సన్నటి మనిషి, వెన్నలోకి కత్తి దించినంత మెత్తగా మాట్లాడతాడు.

"కొట్టేది మీరు. అది వదులో గట్టో మీ చేతికి తెలుస్తుందా?"

"తెలియదండి. అవతలి మనిషికి తెలుస్తుంది."

"మరి మీకెలా తెలిసింది?"

"జవాబు కొడతాడండి. ఒకటి కొడితే గట్టి, రెండు కొడితే వదులు."

"అంటే మీ సాక్ష్యం మొత్తం కలిపి టక్ టక్ అన్నమాట."

హాలంతా నవ్వింది. సభ్యులూ నవ్వారు. నిజం చెప్పొద్దూ, నేనూ నవ్వాను. ఎందుకంటే నా తర్వాత కూర్చోబోయేది మా బావ. టక్ టక్ అసలు మనిషి నోటే వింటారు, అప్పుడు చూద్దాం ఎవరు నవ్వుతారో అనుకున్నాను.

బావ వచ్చి కూర్చున్నాడు. బూట్లు కొత్తవి, నడుస్తుంటే కిర్రుమన్నాయి. నా వైపు చూడలేదు. సభ కదా, మర్యాదేమో అనుకున్నాను. అధ్యక్షురాలు కళ్లజోడు పైకి తోసుకుని ఒక్కో స్తంభం పేరే చదివి అడిగింది. మొదటి స్తంభం మీది అతుకు?

"గట్టిగానే ఉందండి."

అది నిజమే. రెండోది కూడా గట్టిదేనన్నాడు, అదీ నిజమే. నేను కుర్చీ అంచుకు జరిగాను. మూడోది?

"గట్టిగానే ఉందండి."

ఆ మాటతో పాటే ఇంకొకటి వినపడింది. మైకు పక్కన బల్ల మీద ఆనించి ఉన్న అతని చెయ్యి కదిలింది. ఇనుప ఉంగరం చెక్క మీద పడింది. టక్, టక్.

నోరు కంపెనీది. వేలు మాత్రం ఇన్నేళ్ల అలవాటును వదలలేదు. మూడో స్తంభం అనగానే దానికి తెలిసిన జవాబు అది కొట్టేసింది.

నేను లేచి నిలబడ్డాను. "అమ్మా, విన్నారా. రెండు కొట్టాడు," అన్నాను. అధ్యక్షురాలు నా వైపు చూసి, స్టెనో వైపు తిరిగి, చివరి జవాబు చదవమంది.

"'గట్టిగానే ఉందండి' అని ఉంది మేడమ్. చప్పుళ్లు మేం రాయం."

లాయరు కుర్చీలోంచి లేవను కూడా లేదు. మైకు పాతది మేడమ్ అన్నాడు. మళ్లీ నవ్వులు.

ఆ నవ్వుల మధ్య నేను బావనే చూస్తున్నాను. అతను తన చేతిని పరాయివాడి చెయ్యిలా చూసుకున్నాడు. దాన్ని మెల్లగా బల్ల మీంచి ఒళ్లోకి లాక్కుని రెండో చేత్తో మూశాడు. మిగతా స్తంభాలన్నిటికీ జవాబు వచ్చింది, చప్పుడు రాలేదు. కాపలావాడు వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నాడు.

నేను ఇంటికి వచ్చి బూట్లు విప్పుకోకముందే నాన్న కుర్చీ చెయ్యి మీద కణుపుతో రెండుసార్లు కొట్టి నా ముఖంలోకి చూశాడు. రేడియోలో ఆయనకూ వినపడింది. నేను తల ఊపాను. మా ఆవిడ గొడుగు మూలన పెట్టి మా ఇద్దరి మధ్యకొచ్చి నిలబడింది.

రేడియో గరగరను పట్టుకుని అన్నయ్యని దొంగని చేస్తారా అంది. వినడానికి మెత్తగానే ఉంది, లోపల మాత్రం ఇనుమే. ఆవిడ పసిపిల్లగా ఉన్నప్పుడే తల్లిదండ్రులు పోయారు. జడ వేసిందీ, బడికి దింపిందీ, జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్నదీ ఆ అన్నయ్యే. ఆ అన్నయ్య నిండు సభలో అబద్ధమాడాడంటే, తను తిన్న ప్రతి ముద్దా అనుమానించాల్సి వస్తుంది.

"వదులో గట్టో మీకు తెలియదని మీరే చెప్పారు. తెలిసినవాడు గట్టి అంటున్నాడు. ఇంక నేనెవర్ని నమ్మాలి?"

ఆవిడ న్యాయంగానే అడిగింది. సుత్తి పట్టినవాడు వేలికి సాక్ష్యం చెప్పలేడు. ఆ రోజు నుంచి ఇంకో పురుగు నన్ను తొలవడం మొదలుపెట్టింది. ఇప్పుడు సభలో అబద్ధం చెప్పినవాడు, ఇన్నేళ్లూ ప్లేటు అవతల నుంచి నాకు నిజమే కొట్టాడని నమ్మకమేమిటి?

బిల్లు గెలిచింది. తనిఖీ శాఖ తలుపులకు తాళం పడింది. పింఛను నిధి వంతెనలోకి వెళ్లింది. బావ కంపెనీలో తనిఖీ పర్యవేక్షకుడయ్యాడు. అప్పుడే బిల్లు వెనక పేజీల్లో దాక్కున్న ఒక చిన్న నిబంధన బయటపడింది. పర్యవేక్షకులకు మాత్రం పాత పింఛనే, ప్రభుత్వ హామీతో. మా అందరి అన్నం కంచాలూ రివిట్టుకు తగిలించి, తన కంచం మాత్రం గూట్లో భద్రంగా పెట్టుకున్నాడు. నన్ను రంగు డబ్బాల గోదాముకు బదిలీ చేశారు. సుత్తి నా చేతిలోంచి పోయింది.

సరే, ఒక్కడు పోతే పోయాడు, యూనియన్ ఉంది కదా అనుకున్నాను. డిపో క్యాంటీన్‌లో సెక్రటరీ టీ తాగుతున్నాడు. బయటి ఇంజనీర్లను పిలిపించి మూడో స్తంభం పరీక్ష చేయించమని పట్టుబడదామన్నాను. నిన్నటిదాకా ఊగిపోయిన ఆ మనిషి టీ గ్లాసు కింద పెట్టి అటూ ఇటూ చూశాడు.

"ఇంక నోరు కట్టేసుకో సుత్తీ. వంతెన ఆగిందంటే మన ముసలాళ్లందరి నోట్లో మట్టే. వదులనేది బిల్లుకు ముందు. ఇప్పుడది గట్టిది. గట్టిదేనని మనమందరం అనాలి."

చుట్టూ కూర్చున్నవాళ్లు గ్లాసుల్లోకి చూసుకున్నారు. వాళ్లలో సగం మంది మూడో స్తంభం దగ్గర నాతో పరంజా కట్టినవాళ్లే. కంపెనీ మమ్మల్ని కొట్టలేదు, తిట్టలేదు. మా చేతే మా నోరు మూయించింది. మింగలేను, కక్కలేను. గోదాములో కూర్చుని బస్సుల మోత వింటూ వంతెన మీదికి వెళ్లేవాళ్ల ముఖాలు ఊహించుకునేవాణ్ణి.

వానలు ముదిరాయి. నది ఎర్రగా పొంగింది. మా ఆవిడకు ఇంట్లో ఆ మౌనం భరించడం కష్టమైంది. ఎన్నాళ్లీ ముఖాలు తిప్పుకోవడం, ఒక పూట కలిసి తింటే అదే సర్దుకుంటుందని అన్నయ్యనూ వదిననూ వాళ్ల పాపనూ ఆదివారం భోజనానికి పిలిచింది. నాకు ఇష్టం లేదు. నీ పంతం నీదే, నా అన్నయ్య నా అన్నయ్యే అన్నట్టు చూసింది. మధ్యాహ్నం గొడుగులు తీసుకుని, పాప తల తుడవడానికి తువ్వాలు కూడా సంచిలో పెట్టుకుని, నన్ను లాక్కుని బస్టాపుకు నడిచింది.

అవతలి ఒడ్డు బస్సు వచ్చింది, అందరూ దిగారు. వాళ్లు లేరు. ఇంకో బస్సు వచ్చింది. అందులోనూ లేరు. బయల్దేరారో లేదో అని ఆవిడ గొణుక్కుంటుండగా వెనక నుంచి "అత్తా" అని కేక వినపడింది.

రేవు మెట్ల మీంచి పాప పరిగెత్తుకొస్తోంది. మోకాళ్ల దాకా బురద. దాని వెనక తడిసి ముద్దయిన వాళ్లమ్మ, ఆవిడ వెనక బావ. పడవలో వచ్చారు. వంతెన ఉన్న ఊళ్లో, వరద పొంగిన నదిలో, కూరగాయల బుట్టల వాళ్లు తప్ప ఎవరూ ఎక్కని ఆ పడవలో.

మా ఆవిడ పాప తల తుడుస్తూ, పడవెందుకే తల్లీ అని మామూలుగానే అడిగింది.

"నాన్న బస్సెక్కనివ్వడు అత్తా. బడికి కూడా పడవే. నాకు వాంతులొస్తాయి."

తువ్వాలు ఒక్క క్షణం ఆగింది. మళ్లీ తుడవడం మొదలుపెట్టింది. పాప తల్లి నేల చూపులు చూసింది. బావ గొడుగు ముడవడంలో మునిగిపోయాడు.

భోజనం దగ్గర మా ఆవిడ ఏమీ అడగలేదు. అందరికీ కొసరి కొసరి వడ్డించింది. నాన్న పాపతో ఆడాడు. బావ ధైర్యం తెచ్చుకుని జోకులు కూడా వేశాడు, కొత్త ఆఫీసులో కుర్చీ తిరుగుతుంది కానీ తను తిరగడం మానేశాడన్నాడు. నవ్వింది అతనొక్కడే. తిరిగి వెళ్లేటప్పుడు మా ఆవిడ చెప్పులేసుకుని, నేనూ మీతో అవతలి ఒడ్డుదాకా వస్తాను, వదినతో కాసేపు కూర్చుని వస్తానంది. నేనూ వాళ్ల వెనకే బయల్దేరాను. నడుస్తూ నడుస్తూ ఆవిడ రేవు వైపు కాకుండా బస్టాపు వైపు తీసుకెళ్లింది. బస్సు వచ్చి ఆగింది. ఆవిడ పాప చెయ్యి పట్టుకుని మెట్టు మీద కాలు పెట్టింది.

బావ చటుక్కున పాప రెండో చెయ్యి పట్టుకున్నాడు.

"ఎక్కొద్దు," అన్నాడు.

"గట్టిదేగా అన్నయ్యా."

పాప ఇద్దరి మధ్యా చేతులు చాపి నిలబడింది. ఎక్కుతారా దిగుతారా, వెనక జనం తడుస్తున్నారని కండక్టరు కసిరాడు. ఒక ముసలావిడ, బడి సంచులతో ఇద్దరు పిల్లలు, కాగితంలో చుట్టిన రొట్టె పట్టుకున్న కుర్రాడు మమ్మల్ని తప్పించుకుని లోపలికెక్కారు. మా ఆవిడ వాళ్లనే చూస్తోంది.

"మరమ్మత్తు చేయిస్తామన్నారే. ఎండలు రాగానే. మాటిచ్చారు," అన్నాడు బావ. "నేనొక్కణ్ణి వదులంటే ఆగుతుందా? ఎలాగూ వాళ్లదే అయ్యేది. నాకూ ఓ పిల్ల ఉంది."

మా ఆవిడ పాప చెయ్యి వదిలేసింది. కాలు మెట్టు మీంచి దించింది. బస్సు కదిలి, మలుపు తిరిగి, వంతెన ఎక్కింది. అది అవతలి ఒడ్డుకు చేరేదాకా మేం నలుగురు పెద్దవాళ్లం దాని వెనక దీపాల్నే చూస్తూ నిలబడ్డాం. ఊపిరి తీసుకున్నాక ఆవిడ నా వైపు తిరిగి, ఇంటికి పోదాం పదండి అంది. అన్నయ్యకు వెళ్లొస్తానని చెప్పలేదు.

ఇంట్లో నాన్న ముందు కూర్చుని, రేపు కమిటీ అధ్యక్షురాలి దగ్గరికి వెళ్తానంది. చూసింది చూసినట్టు చెబుతానంది. "మీ పింఛను మామయ్యా," అని ఆగిపోయింది.

నాన్న కిటికీలోంచి వంతెన వైపు చూశాడు.

"నేను గట్టిగా ఉంచితేనే వాళ్లు నాకు పింఛనిచ్చారమ్మా. వదులుగా ఉంచడానికి కాదు."

అధ్యక్షురాలు మా ఆవిడ చెప్పింది మధ్యలో ఆపకుండా విన్నదట. చివర్లో, చప్పుళ్లు మేం రాయం కానీ పడవ సంగతి రాయొచ్చు అన్నదట. వారం తిరక్కుండా బయటి ఇంజనీర్లొచ్చి మూడో స్తంభం కింద పరంజా కట్టారు. ఆ సాయంత్రమే వంతెనకు రెండు వైపులా అడ్డుకర్రలు పడ్డాయి. బస్సులు ఆగాయి, సుంకం ఆగింది. నెల తిరిగేసరికి నాన్న పింఛనుతో పాటు ఊళ్లో మా వాళ్లందరి పింఛనూ ఆగింది. సాక్ష్యం మళ్లీ వింటామని, మొదట పిలిచేది వేలునేనని కమిటీ ప్రకటించింది.

మమ్మల్ని ఎవరైనా మెచ్చుకుంటారనుకుంటే పొరపాటు. క్యాంటీన్‌లో నేను కూర్చున్న బల్ల ఖాళీ అయ్యేది. ఇల్లు కాల్చి బొగ్గులేరుకునేవాడినని సెక్రటరీ నాకు వినపడేలా అన్నాడు. ఏళ్లుగా మా నాన్న కాళ్లకు దణ్ణం పెట్టిన మనుషులు ఆయన కిటికీ ముందు నుంచి తల తిప్పుకుని పోయారు. సభలో మునిగింది నేనొక్కణ్ణే అనుకున్నాను. బావ ఊరందర్నీ కలిపి ఒకే తాడుకు కట్టి ముంచాడు, పైకి లాగబోయినవాళ్లే వాళ్లకు శత్రువులు.

వానలు వెనకబట్టాయి. ఒక సాయంత్రం వీధిలో నీళ్లు ఇంకుతున్నాయి. నాన్న కుర్చీలో ఉన్నాడు, నేను బూట్లకు మేకులు కొట్టుకుంటున్నాను. మా ఆవిడ బట్టలు మడత పెడుతోంది. మెట్ల మీద బూట్ల కిర్రు వినపడింది. తలుపు మీద ఒక్కసారి చప్పుడైంది.

ముగ్గురం ఆగిపోయాం. ఎవరో చెప్పక్కర్లేదు, ఇనుప ఉంగరం చప్పుడు మా ఇంట్లో అందరికీ తెలుసు. మర్నాడే అతని సాక్ష్యం. ఎందుకొచ్చాడో కూడా చెప్పక్కర్లేదు. చెల్లెలు తను చూసింది తప్పని ఒక్క మాటంటే చాలు, అతని కుర్చీ, అతని పింఛను నిలబడతాయి. నేను లేవబోయాను. మా ఆవిడ కూర్చోమన్నట్టు చెయ్యి చూపించి, మడత పెడుతున్న చొక్కా పక్కన పెట్టి తలుపు దాకా వెళ్లింది. గడియ తియ్యలేదు. లోపలి నుంచి చెక్క మీద రెండుసార్లు కొట్టింది.

బయట నుంచి మళ్లీ ఒకటి. ఈసారి చాలా మెల్లగా, పసిపిల్లను నిద్ర లేపినంత మెల్లగా.

ఆవిడ కళ్లు మూసుకుంది. మళ్లీ రెండు కొట్టింది.

బూట్లు కిర్రుమంటూ మెట్లు దిగడం మొదలుపెట్టాయి. మా ఆవిడ అక్కడే నిలబడింది. చూపుడువేలు తలుపు మీద ఆనించి ఉంది. ఆఖరి మెట్టు దిగి వీధిలోకి వెళ్లేదాకా ఆ వేలు తియ్యలేదు.